తోమా దిగాడన్న తీరం నుంచి కొట్టాయం దాకా, అమ్మతో

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. మా ఇంట్లో క్రైస్తవ చరిత్ర అంటే 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చిన దగ్గర మొదలవుతుంది. అంతకు ముందున్నదంతా బైబిల్లో సంగతి. అలాంటిది, డెబ్బై రెండేళ్ల మా అమ్మ ఈ జనవరిలో "తోమా మన దేశం వచ్చాడంటారు కదరా, ఆ చోటు ఒకసారి చూపిచ్చు" అంది. తోమా అంటే యేసు శిష్యుల్లో ఒకడు, కేరళ తీరంలో దిగాడంటారు. అడిగిందే తడవుగా టికెట్లు తీశాను.

గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఎర్నాకుళం టౌన్‌లో దిగుతాం. రైలు మారే పని లేదు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు ఇదే సుఖం. కింద బెర్తు కోసం మాత్రం ముందుగానే చూసుకోండి.

మొదటి మూడు రాత్రులు ఫోర్ట్ కొచ్చిలో ఒక హోంస్టేలో ఉన్నాం. కింది అంతస్తు గది, రోజుకు 2,200. పొద్దున్నే అప్పం, కూరగాయల ఇష్టూ. ఇంటావిడ అమ్మకు రాత్రిళ్లు వేడినీళ్లు ఫ్లాస్కులో పోసి పెట్టేది. ఆ ఊళ్లో ఇంతకంటే చవక గదులు దొరుకుతాయి గానీ, ఈ ఆదరణకు ఆ డబ్బు ఎక్కువ కాదు. ఎర్నాకుళం వైపు వెళ్లిరావడానికి వాటర్ మెట్రో బాగుంది. ఏసీ, శుభ్రం, ఎక్కడానికీ దిగడానికీ అమ్మ ఇబ్బంది పడలేదు.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి వచ్చినవాళ్లందరూ వాస్కో డ గామా సమాధి రాయి దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. ఆయన 1524లో కొచ్చిలో చనిపోతే ఇక్కడే పాతిపెట్టి, తర్వాత పోర్చుగల్ తీసుకుపోయారు. నన్ను ఆపింది ఆ రాయి కాదు, ఆ గోడలు. పోర్చుగీసు కథోలికుల చేతిలో మొదలై, 1663లో డచ్చి ప్రొటెస్టెంట్లకు, తర్వాత ఇంగ్లండు సంఘమైన ఆంగ్లికన్లకు, చివరికి సి.ఎస్.ఐ.కి (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వచ్చిన గుడి అది. ఐరోపాలో చీలిన ఈ సంఘాలు వంతులవారీగా ఇక్కడ ఆరాధించాయి. అరగంట చాలు, కానీ ఆ అరగంట కుదురుగా కూర్చోండి.

మట్టాంచేరిలో కూనన్ సిలువ గుడికి ఆటోలో వెళ్లాం. పర్యాటకులు పెద్దగా రారు. నాకు మాత్రం ఇక్కడ గుండె బరువెక్కింది. పోర్చుగీసువాళ్లు రాకముందే మలబారులో, అంటే ఈ కేరళ తీరంలో, వందల ఏళ్లుగా క్రైస్తవులున్నారు. సిరియాక్ భాషలో ప్రార్థించేవారు, వాళ్ల బిషప్పులు పర్షియా వైపు నుంచి వచ్చేవారు. ఆ సిరియాక్, యేసు మాట్లాడిన అరమాయికు దగ్గరి భాష. 1599లో ఉదయంపేరూరులో చర్చి సభ పెట్టించి గోవా పోర్చుగీసు ఆర్చిబిషప్ మెనెజెస్ వాళ్లను రోము పోపు కిందికి తెచ్చాడు, వాళ్ల పుస్తకాలను తగలబెట్టించాడు. 1653 జనవరి 3న జనం ఇక్కడ గుమిగూడి, ఆ పెత్తనానికి లొంగేది లేదని ప్రమాణం చేశారు. సిలువను తాకడానికి అందరికీ చోటు చాలక, దానికి తాళ్లు కట్టి పట్టుకున్నారట. తోటి విశ్వాసుల చేతిలో నలిగిన విశ్వాసుల కథ మా సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

కొడుంగల్లూరు దగ్గర అళికోడుకు టాక్సీ మాట్లాడుకున్నాం. డ్రైవరు అడగకుండానే దారిలో రెండు బహుమతుల దుకాణాల దగ్గర ఆపి గంటన్నర పోగొట్టాడు. బేరం ఆడేటప్పుడే "షాపులు వద్దు" అని చెప్పేయండి. క్రీ.శ. 52లో తోమా దిగింది ఇక్కడేనని కేరళ క్రైస్తవుల నమ్మకం. పెరియార్ ఒడ్డున ఉన్న గుడి పాతది కాదు. 1953లో ఇటలీలోని ఒర్తోనా నుంచి తెచ్చిన తోమా చేతి ఎముక ఇక్కడ ఉంది. పురాతన కట్టడం చూద్దామని వస్తే నిరాశే. తోమా వచ్చాడని చెప్పే ఆ కాలపు శాసనమేదీ లేదు. అయితే ఆయన రాగలిగిన ఓడలు మాత్రం ఉన్నాయి. రుతుపవనాల గాలి పట్టుకుని రోము వర్తకులు మిరియాల కోసం ఈ ముజిరిస్ రేవుకే వచ్చేవారు. సువార్త కూడా ఆ మిరియాల దారినే వచ్చిందనుకుంటే నాకేమీ వింతగా అనిపించలేదు. అమ్మ నది వైపు చూస్తూ "నా ప్రభువా, నా దేవా" అంది. గాయాలు చూస్తేగానీ నమ్మనన్న తోమా, లేచివచ్చిన యేసును చూసి అన్న మాట అది.

కొట్టాయంలో బస మాత్రం బాగా ఇబ్బంది పెట్టింది. ఆన్‌లైన్‌లో లిఫ్టు ఉందన్న లాడ్జిలో లిఫ్టు పనిచేయదు, గది రెండో అంతస్తులో. డబ్బు వెనక్కివ్వలేదు. మర్నాడే బస్టాండు దగ్గర కింది గదికి మారాం. ఫోన్ చేసి అడిగి కనుక్కోనిదే పెద్దవాళ్లతో వెళ్లొద్దు.

కానీ ఈ యాత్రలో ఒక్క చోటికే వెళ్లే వీలుంటే కొట్టాయం వలియపళ్ళికే వెళ్లండి. 1550లో కట్టిన గుడి. పక్క బలిపీఠాల దగ్గర రెండు పర్షియన్ సిలువలున్నాయి, చుట్టూ పహ్లవీ అనే పాత పర్షియా లిపి. సిలువ మీద యేసు బొమ్మ లేదు. కింద తామర రేకులు, పైన పావురం. మరణం దాటి వెళ్లినవాడి ఖాళీ సిలువ. చెప్పులు బయటే విడిచి, అమ్మ చాలాసేపు ఆ రాతి ముందు నిలబడింది.

మర్నాడు ఆదివారం కుర్బానకు, అంటే వాళ్ల ప్రభు భోజన ఆరాధనకు, వెళ్లాం. సాంబ్రాణి పొగ, తెర, దాదాపు అంతా నిలబడే. మలయాళం ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో అమ్మ నా మోచేయి పట్టుకుంది. "పిలాతు అన్నారురా! విశ్వాస ప్రమాణం చెబుతున్నారు." నిజమే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడని, కుమారుడు మన కోసం మనిషై పొంతి పిలాతు కాలంలో సిలువ వేయబడి మూడోనాడు లేచాడని, 325లో నైసియాలో మొదలై 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో పూర్తి రూపు దిద్దుకున్న ఆ ఒప్పుకోలే మేమూ గుంటూరులో చెప్పేది. అమ్మ తెలుగులో అందుకుని చివరిదాకా చెప్పింది.

బయట ఒక అమ్మచ్చి (పెద్దావిడను అక్కడ అలా పిలుస్తారు) పలకరించింది. ఆవిడ మనవరాలు ఇంగ్లీషులో మధ్యవర్తి. పెద్దవాళ్లిద్దరూ ఆ ప్రమాణాన్నే ఒక్కో వాక్యం పోల్చి చూసుకున్నారు. పరిశుద్ధాత్మ "తండ్రి నుండియు కుమారుని నుండియు" బయలుదేరుతాడని అమ్మ అన్నచోట, అమ్మచ్చి "తండ్రి నుంచి" అని ఆగింది. తూర్పు, పడమర సంఘాలు వెయ్యేళ్లుగా వాదించుకుంటున్న మాట అది. అమ్మచ్చి నవ్వి, అమ్మ చేయి వదలకుండా తర్వాతి వాక్యం మొదలుపెట్టింది.