మా వీధి బారు: ఐదుకు మూడు, అందులో రెండు బోటీకే

చిత్తూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న బార్ అండ్ రెస్టారెంట్ ఇది. పేరు రాయను, పదిహేనేళ్లుగా పోతున్న చోటు, రేపు మళ్లీ ఆ ఓనరన్న మొహమే చూడాలి.

మొన్న శనివారం రాత్రి ఎనిమిదికి పోతే పద్నాలుగు టేబుళ్లలో మూడింటి దగ్గరే మనుషులు. ఒకప్పుడు ఆ టైముకు గోడకానుకుని, ఎవరు లేస్తారా అని కాచుకునేవాళ్లం. రెండో ఏసీ వేయమంటే "జనమొస్తే ఏస్తామునా" అన్నాడు సప్లయరు. కార్డులో నలభై ఐటమ్స్, వంటింట్లో ఉన్నవి ఆరు. చికెన్ సిక్స్టీఫైవ్ పైకి ఎర్రగా ఉంది గానీ లోపల ఫ్రిజ్ చల్లదనం పోలేదు. బోటీ మాత్రం పాత మాస్టరే చేస్తాడు, ముక్క చిన్నగా కోసి, మిరియాలు అప్పటికప్పుడు దంచి వేసి, దించే ముందు పెనం అడుగున పట్టిన మాడు గీకి పైన చల్లుతాడు చూడండి, దానికోసమే ఇంకా పోతున్నా.

జనం ఎందుకు రావట్లేదంటే, రోడ్డు దాటితే వైన్ షాపు. 2019లో షాపులు ప్రభుత్వం చేతిలోకి పోయి, షాపు పక్కనే తాగడానికుండే పర్మిట్ రూములు ఎత్తేసినప్పుడు, బ్రాండ్లు ఎలా ఏడ్చినా, కూర్చుని తాగాలంటే బారే దిక్కు. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టరు వచ్చాయి, 2025లో పర్మిట్ రూములూ తిరిగొచ్చాయి. ఇక కుర్చీకి, ఏసీకి అదనంగా ఎవడిస్తాడు? ఇటు 2025 సెప్టెంబరు నుంచి కొత్త బార్ పాలసీలో, 50 వేలు దాటి 5 లక్షల లోపు జనాభా ఉన్న మా లాంటి ఊళ్లకు లైసెన్సు ఫీజు ఏడాదికి 55 లక్షలు. లెక్కేస్తే రోజుకు 15 వేలు, షట్టరు ఎత్తకముందే. రాత్రి 12 దాకా తెరుచుకోవచ్చన్నారు, సరే, పదిన్నరకే నిద్రపోయే ఊళ్లో ఎవరి కోసం?

ఓనరన్న బాధ అర్థమవుతుంది. కానీ ఆయన ఇద్దరు వంటవాళ్లను తీసేసి, ఆ డబ్బుతో పబ్బులాగా ఉండాలని నీలం లైట్లు, గోడంత టీవీ పెట్టించాడు. ఆ వెలుతురులో ప్లేట్లో ఉన్నది బోటీనో బొగ్గో తెలియట్లేదు. నీళ్ల బాటిల్‌కు రెట్టింపు రేటు వేయడం ఇంకో చికాకు.

బిల్లు కట్టి బయటికొస్తుంటే కౌంటరు దగ్గర ఒక కుర్రాడు నాలుగు బోటీ పార్శిళ్లు తీసుకుంటున్నాడు. ఎక్కడికి తమ్ముడూ అంటే ఎదురుగా పర్మిట్ రూమ్ వైపు చెయ్యి చూపించాడు. పోవాలనుకుంటే తొమ్మిదిలోపు పోండి, తర్వాత అది కూడా మిగలదు.