పిల్లల వైద్య పరిశోధన: చేతులు కలపడమా, ఒక్కటైపోవడమా

పిల్లల జబ్బుల మీద పరిశోధన చేసే సంఘాలు కలిసి పనిచేయడానికి అమెరికాలో రెండు దారులున్నాయి. ఒకటి, ఎవరి సంఘం వాళ్లదే, మీటింగ్ మాత్రం కలిపి. అమెరికన్ పీడియాట్రిక్ సొసైటీ 1888లో పుట్టింది, పేరున్న సీనియర్లది, సొసైటీ ఫర్ పీడియాట్రిక్ రీసెర్చ్ 1929లో కుర్ర పరిశోధకుల కోసం మొదలైంది, ఇప్పటికీ రెండూ వేర్వేరే కానీ ఏటా ఒకే మహాసభలో కలుస్తాయి. జూనియర్ డాక్టర్ తన పరిశోధన వివరాలు అంటించిన పోస్టర్ పక్కన నిలబడి ఉంటే ఓ పెద్ద ప్రొఫెసర్ ఆగి ప్రశ్న అడుగుతారు, ఆ ఐదు నిమిషాలకి చాలా విలువ ఉంది.

రెండోది విలీనం. పిల్లల క్యాన్సర్ మీద పనిచేసే నాలుగు గ్రూపులు 2000లో కలిసిపోయి చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ అయ్యాయి. ఎందుకంటే విల్మ్స్ ట్యూమర్ అని పిల్లల కిడ్నీలో వచ్చే గడ్డ ఉంది చూడండి, ఒక్కో ఆస్పత్రికి ఏడాదికి ఏ కొద్దిమందో వస్తారు, అంత తక్కువమందితో ఏ మందు మేలో ఎలా తేలుతుంది? 200కి పైగా ఆస్పత్రులు ఒకే ప్రోటోకాల్, అంటే ముందే రాసుకున్న ఒకే చికిత్స పద్ధతి, పాటిస్తేనే లెక్క కుదురుతుంది. ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌లో 1960ల్లో 10 మందిలో ఒకరు బతకడమే గగనం, ఇప్పుడు దాదాపు 9 మంది బతుకుతున్నారు, విలీనానికి ముందు నుంచీ ఈ గ్రూపులు ఉమ్మడిగా చేసిన ట్రయల్స్‌కి అందులో పెద్ద వాటా ఉంది.

అరుదైన జబ్బుకి నా ఓటు విలీనానికే. ఆస్తమా లాంటి వాటికి మాత్రం మొదటి దారే నయం, పేషెంట్లు ఎక్కడైనా దొరుకుతారు, కావాల్సింది వేర్వేరు సంఘాలు వేసే రకరకాల పరిశోధన ప్రశ్నలు.