ట్యూబులైటు కింద ఏ కెమెరా? సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3 వాడుతున్నవాడి మాట

మా ఇంట్లో ఫొటోలన్నీ నాలుగు గోడల మధ్యే. మనవరాలి అన్నప్రాశన, దసరాకి బొమ్మల కొలువు, కార్తీకంలో సత్యనారాయణ వ్రతం, పడక్కుర్చీలో మా అమ్మ. కొండలూ సముద్రాలూ తీసే సరదా నాకు లేదు. అందుకే కెమెరా కొందామనుకున్నప్పుడు అడిగింది ఒకటే: రాత్రి ఎనిమిదింటికి, హాల్లో రెండు ట్యూబులైట్ల కింద, ఒక్కచోట కుదురుగా ఉండని పిల్లని ఇది తీయగలదా? రాజమండ్రిలో ఏ దుకాణంలోనూ సూటిగా జవాబు రాలేదు. "ముప్పై ఎక్స్ జూమండీ, పద్దెనిమిది మెగాపిక్సెళ్లండీ" అన్నారు. మా హాలు పొడవు పద్నాలుగు అడుగులు. ముప్పై రెట్ల జూముతో ఎవర్ని చూడమని, ఎదురింటివాళ్ళనా?

ఫోను చాలదా అని మా అల్లుడు. కొలువుకి చాలు, బొమ్మలు కదలవు కదా. వెలుగు తక్కువైతే ఫోను గబగబా కొన్ని ఫొటోలు తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, మచ్చలు తుడిచి ఇస్తుంది. కదలనివాటికి అది బ్రహ్మాండం. అన్నప్రాశన రోజు పిల్ల పళ్ళెంలో కలం వైపు పాకుతుంటే మాత్రం ఫోన్లో చేతులు పొగలా వచ్చాయి.

ఇంట్లో ఫొటోకి చూడాల్సినవి రెండే. మొదటిది సెన్సరు, అంటే కెమెరా లోపల వెలుగుని పట్టే పలక. ఆ ముప్పై ఎక్స్ కెమెరాల్లో ఉండేది సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్ల ముక్క. ఆర్‌ఎక్స్100 వరసలో, నా మార్క్ 3తో సహా, అన్నిటికీ 13.2 × 8.8. వైశాల్యం నాలుగింతలు, పట్టే వెలుగూ ఆ లెక్కనే. రెండోది లెన్సు మీద రాసి ఉండే ఎఫ్ అంకె. ఇది ఎంత చిన్నదైతే అంత వెలుగు లోపలికొస్తుంది. సాధారణంగా రెండంకెలుంటాయి, జూము మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. దుకాణాలవాళ్ళు మొదటిదే చెబుతారు. నేను కరెంటాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. సబ్‌స్టేషన్ దగ్గర ఎంత వోల్టేజి ఉందని ఎవరడిగారు, లైను చివరింట్లో ఎంతుందో చెప్పండి అంటాను. ముప్పై ఎక్స్ జూమున్న సోనీ హెచ్‌ఎక్స్90వి లెన్సు 3.5తో మొదలై 6.4కి పడిపోతుంది. మార్క్ 3 మొదట్లో 1.8, చివర్లో 2.8. చివరికొచ్చేసరికి రెండింటికీ అయిదింతల తేడా.

పేరు పక్కన అంకె పెరిగినకొద్దీ మంచిదనుకోకండి. 2012 నాటి మొదటి ఆర్‌ఎక్స్100 లెన్సు జూము చివర 4.9కి దిగిపోయేది. 2014లో వచ్చిన మార్క్ 3లో జూము 24–70కి (ఇవి మిల్లీమీటర్ల లెక్క, అంకె చిన్నదైతే గది ఎక్కువ పడుతుంది, పెద్దదైతే దూరంది దగ్గరవుతుంది) కుదించి, వెలుగు నిలబెట్టారు. మళ్ళీ 2018లో మార్క్ 6, 2019లో మార్క్ 7 జూము 200 దాకా లాగి, లెన్సుని 2.8–4.5 చేశాయి. ఫోకస్ పట్టడంలో మార్క్ 7కి నా మార్క్ 3 సాటిరాదు, ఒప్పుకుంటాను. కానీ దాని ధర వేరే లోకం, పైగా హాల్లో దాని లెన్సులోకి వచ్చే వెలుగు తక్కువ. నా మార్క్ 3ని కోఠిలో ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణంలో పాతికవేల చిల్లరకి తీసుకున్నాను.

పోటీలో గట్టిగా నిలబడింది కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2. అదే సైజు సెన్సరు, 24–100 జూము, 1.8–2.8 లెన్సు, టచ్ స్క్రీను. కళ్ళకి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ లేదు, నాకది కావాలి. టచ్ ముఖ్యమనుకునేవాళ్ళు నిశ్చింతగా అదే కొనుక్కోవచ్చు. రికో జీఆర్ 3 సెన్సరు ఇంకా పెద్దది, కానీ జూమూ లేదు, ఫ్లాషూ లేదు. పానసోనిక్ ఎల్‌ఎక్స్100లోనూ ఫ్లాష్ లోపల ఇమిడి ఉండదు, విడిగా తగిలించుకోవాలి.

ఫ్లాషంటే మొహం మీద సున్నం కొట్టినట్టు వస్తుందని అందరికీ భయమే. దీన్ని ఎదురుగా కొట్టనివ్వకూడదు. మార్క్ 3లో ఫ్లాష్ చిన్న చెయ్యిలా పైకి లేస్తుంది. చూపుడువేలితో దాన్ని వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు తెల్ల సీలింగుకి తగిలి, గదంతా పరుచుకుని కిందికి దిగుతుంది. మొహాలు మెత్తగా వస్తాయి, కళ్ళలో ఎరుపు రాదు, పట్టుచీర జరీ కూడా భగ్గుమనదు. పదడుగుల స్లాబుకి ఈ బుల్లి ఫ్లాష్ సరిపోతుంది. సీలింగుకి గులాబీ రంగేయిస్తే మాత్రం అందరూ గులాబీగానే వస్తారు. కోనసీమలో మా అత్తవారిది పెంకుల మండువా లోగిలి. అక్కడ పైకి కొట్టిన వెలుగు ఆ నల్లటి దూలాల్లోకి వెళ్ళిపోతుంది, తిరిగి రాదు. అలాంటిచోట పెళ్ళికూతుర్ని మండువా అంచుకి తెచ్చి పగటి వెలుగులో కూర్చోబెట్టడమే.

ఫ్లాష్ లేకుండా అయితే డయల్‌ని ఎస్ (షట్టరు వేగం మనమే పెట్టుకునే పద్ధతి) మీద పెట్టి, షట్టరు 1/100 సెకను, ఐఎస్ఓ (అందిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటో, దాని పై హద్దు 3200. ఈ 1/100 గాలివాటం అంకె కాదండీ. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు, చోకున్న ట్యూబులైటు సెకనుకి వందసార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. చౌక ఎల్ఈడీ బల్బులు కొన్ని ఇంతకన్నా ఘోరం. 1/100 పెడితే ప్రతి ఫొటోలోనూ ఆ హెచ్చూ తగ్గూ పూర్తిగా పడతాయి. 1/250కి పోతే ఒక ఫొటో కాంతిగా, పక్కది మసగ్గా వస్తాయి. మరీ పరిగెత్తే పిల్లలుంటే ఆ తేడా భరించాల్సిందే. మా అమ్మ లాంటి కూర్చున్నవాళ్ళకి 1/50 చాలు. 3200 దగ్గర గరుకు కనిపిస్తుంది, ఆల్బంలో అతికించే సైజు ప్రింటులో అది తెలియదు.

రంగుల సంగతి. ట్యూబులైటు తెలుపూ దీపాల పసుపూ కలిసేసరికి ఆటో వైట్ బ్యాలన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా కెమెరా తనంతట తానే రంగులు సరిచేసుకోవడం, ఊగిసలాడుతుంది. వ్రతం మొదలయ్యేముందు పంతులుగారి తెల్ల పంచె చూపించి కస్టం వైట్ బ్యాలన్స్ కొట్టేస్తాను. ఆయనకిప్పుడు అలవాటైపోయి, నన్ను చూడగానే కొంగు సర్దుకుంటున్నారు.

జూము 24 దగ్గర గదంతా ఇముడుతుంది గానీ అంచుల్లో నిలబడ్డవాళ్ళు అడ్డంగా సాగుతారు. గ్రూపు ఫొటోలో ఎవరిమీదైనా కోపముంటే అక్కడ నిలబెట్టండి.

లోటుపాట్లు లేకపోలేదు. టచ్ లేదు. వ్యూఫైండర్ లోపలికి నొక్కితే కెమెరా కూడా ఆగిపోయేలా చేశారు, ఇదెవరి ఆలోచనో. బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్కే 320 ఫొటోలు, ఫంక్షన్లకి రెండోది జేబులో ఉండాలి. ఒళ్ళు నున్నగా ఉంటుంది, చెమట చేతులకి జారుతుంది. ముందువైపు అతికించే రబ్బరు పట్టు వేయించుకోండి. మసకలో ఫోకస్ నెమ్మది. మొహం మీద కాకుండా చీర అంచు లాంటి గీత మీద ఫోకస్ పట్టి, సగం నొక్కి ఉంచి, ఫ్రేము సర్దుకుంటే నయం.

పాతది కొనేటప్పుడు తెల్లగోడని ఎఫ్ 11లో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. నల్ల చుక్కలుంటే సెన్సరు మీద దుమ్ము, విప్పితే తప్ప పోదు. జూము ముందుకీ వెనక్కీ నడిపి చప్పుడు వినండి. ఫ్లాష్ లేపి, వంచి, కొట్టి చూడండి. స్క్రీన్ పైకీ కిందికీ తిప్పుతున్నప్పుడు బొమ్మ మినుకుమంటే తీసుకోకండి. ఇవన్నీ చూస్తుంటే దుకాణంవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. నాకు చూపించిన మొదటిదాంట్లో చుక్కలున్నాయి, రెండోది తెచ్చుకున్నాను.