యమహా జీబీ1కె: నేర్చుకుంటున్నవారికి అందుబాటులో ఉన్న చిన్న గ్రాండ్ పియానో

డిజిటల్ పియానో మీద రెండేళ్లు సాధన చేసిన తరువాత, హైదరాబాదులోని మా ఇంటి ముందుగదిలో పట్టే గ్రాండ్ పియానో కోసం నాలుగు నెలలు వెతికి, చివరకు యమహా జీబీ1కె కొన్నాను. ఇండోనేషియాలో తయారయ్యే ఈ వాయిద్యం పొడవు 151 సెంటీమీటర్లు, బరువు 261 కిలోలు. ఆ సంస్థ గ్రాండ్లలో ఇదే చిన్నది, ధరలోనూ ఇదే తక్కువది. అయినా మధ్యతరగతి కుటుంబానికి ఇది పెద్ద ఖర్చే కనుక, ఆ డబ్బుకు ఏమి దక్కుతుందో వివరంగా చెప్పడం అవసరం.

దక్కేది ముఖ్యంగా మీటల స్పర్శ. నిలువుగా నిలబడే అప్‌రైట్ పియానోలో, మీట నొక్కినప్పుడు కదిలే సుత్తులు నిలువుగా ఉన్న తీగలను ఎదురుగా కొట్టి, స్ప్రింగుల సాయంతో వెనక్కి వస్తాయి. గ్రాండ్‌లో తీగలు అడ్డంగా పరచి ఉంటాయి కనుక సుత్తులు కింది నుంచి పైకి లేచి తమ బరువుతోనే దిగుతాయి. పైగా, 1821లో ఎరార్ అనే పియానో తయారీ సంస్థ పేటెంట్ పొందిన పద్ధతి గ్రాండ్లలో ఉండడం వల్ల, నొక్కిన మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ పలికించవచ్చు. నా వేళ్లకు ఈ తేడా మొదటి వారంలోనే తెలిసింది. మెల్లగా వాయించినప్పుడు ఇదివరకు జారిపోయే స్వరాలు ఇప్పుడు నిలకడగా పలుకుతున్నాయి.

మంద్రస్థాయిలో మాత్రం దీని పొట్టితనం దాగదు. తీగల పొడవు చాలనప్పుడు వాటిని మందంగా చేయవలసి వస్తుంది. మందమైన తీగ బిరుసుగా ఉండి, దాని అనుస్వరాలు (మూలస్వరంతో పాటు పలికే పై స్వరాలు) సరైన శ్రుతికి కాస్త పైకి జరుగుతాయి. అందువల్ల అట్టడుగు స్వరాలు మసకగా వినిపిస్తాయి. 131 సెంటీమీటర్ల ఎత్తున్న యమహా యూ3 అప్‌రైట్‌లో ఆ స్వరాలు నాకు ఇంతకన్నా స్పష్టంగా వినిపించాయి. గంభీరమైన నాదమే ప్రధానమనుకునేవారు దానినే తీసుకోవడం మేలు. 153 సెంటీమీటర్ల పొడవున్న కవాయి సంస్థ గ్రాండ్ జీఎల్10 కూడా వాయించి చూశాను. దాని నాదం మృదువుగా ఉంది, కానీ నాకు యమహా తార స్వరాల్లోని స్పష్టతే నచ్చింది.

పాత జపాన్ గ్రాండ్ కొనాలని కూడా ఆలోచించాను. శ్రుతి బిగించే మేకులు వదులయ్యాయా, తీగల నాదాన్ని పెంచే చెక్క పలక (నాదఫలకం) పగిలిందా, సుత్తుల ఫెల్టు మీద తీగల గాట్లు లోతుగా పడ్డాయా అన్నది పియానో శ్రుతి చేసే నిపుణుడితో (ట్యూనర్‌తో) చూపించుకోకుండా అటువంటిది కొనకూడదు. ఒక దుకాణంవారు ట్యూనర్‌ను తీసుకురావడానికే ఒప్పుకోలేదు. అక్కడి నుంచి వచ్చేశాను.

మన వాతావరణం వీటికి పరీక్షే. తీగలన్నీ కలిసి చట్రాన్ని 15 టన్నులకు మించిన బలంతో లాగుతుంటే, వానాకాలపు తేమకు చెక్క ఉబ్బి, ఎండాకాలానికి కుదించుకుంటుంది; దాంతో శ్రుతి తప్పుతుంది. కొత్త తీగలు కూడా సాగుతాయి కాబట్టి మొదటి ఏడాది మూడుసార్లు శ్రుతి చేయించాను. కొనేముందే ఈ ఖర్చునూ, కిటికీకి, ఏసీ గాలికి దూరంగా ఉండే చోటునూ చూసుకోవాలి.