పొగ కమ్మిన కొండల మీద సూర్యోదయం: వైడ్ మేలా, టెలీ మేలా?

కొండల దొంతరల మీద సూర్యోదయం తీయడానికి వెళ్లినవాళ్లలో చాలామంది బ్యాగులోంచి ముందు తీసేది విశాలంగా పట్టే వైడ్ లెన్సే. ఎదురుగా అంత పెద్ద దృశ్యం ఉంటే అంతా పట్టేయాలనిపించడం సహజం. మామూలు రోజుల్లో దాన్ని తప్పుపట్టను. గాలిలో పొగ ఉన్న ఉదయం మాత్రం నా ఓటు ఇరుకు కోణంలో దూరాన ఉన్నదాన్ని పెద్దగా చూపే టెలీ లెన్స్‌కే, అందులోనూ 70-200 ఎం.ఎం. జూమ్ లాంటి దానికి. వైడ్ గెలిచే రోజులూ ఉన్నాయి, వాటి సంగతీ చెప్తాను.

ముందు పొగ ఏం చేస్తుందో చూద్దాం. దగ్గరి కొండకూ మనకూ మధ్య పొగ తక్కువ కాబట్టి అది దాదాపు నల్లగా కనిపిస్తుంది. వెనక కొండకు వచ్చేసరికి మధ్యలో ఉన్న పొగ మీద పడిన వెలుతురు చెదిరి మన వైపు వచ్చి, కొండ అసలు రంగును కప్పేస్తుంది. అలా ఒక్కో వరస వెనక్కి పోయేకొద్దీ రంగు ఒక్కో మెట్టు లేతబడుతుంది. గాలి శుభ్రంగా ఉంటే ఈ తేడా తెలియడానికి కొండల మధ్య చాలా దూరం ఉండాలి. పొగలో కొద్ది కిలోమీటర్లే చాలు. పైగా రాత్రి చల్లబడ్డ గాలి లోయల అడుగుకు చేరితే, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోలేక కొండల మధ్యే నిలిచిపోతుంది. ఎండెక్కి నేల వేడెక్కాక ఆ మూత విడిపోయి అంతా ఒకే బూడిద రంగులో కలిసిపోతుంది. అందుకే ఈ ఫోటోకి తెల్లవారుజామే సమయం.

ఇప్పుడు లెన్సుల లెక్క. ఎత్తైన చోట నిలబడి చూస్తే, వెనక వరసలన్నీ కలిపి నిలువునా చాలాసార్లు ఐదారు డిగ్రీలకు మించవు. ఫుల్ ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సర్) కెమెరా మీద 24 ఎం.ఎం. లెన్స్ నిలువునా 53 డిగ్రీలు చూస్తుంది. అంటే మీరు ఎక్కి వచ్చిందే ఆ దొంతర కోసమైతే, అది ఫోటోలో పదో వంతు పట్టీగా మిగులుతుంది. 200 ఎం.ఎం. చూసేది సుమారు 7 డిగ్రీలు, కాబట్టి ఫ్రేమంతా కొండలే. సూర్యుడిదీ ఇదే కథ. ఆయన వెడల్పు ఆకాశంలో అర డిగ్రీ. 24 ఎం.ఎం.తో సెన్సర్ మీద పడే బింబం 0.2 మిల్లీమీటర్లు, ఫోటోలో ఒక చుక్క. 200తో 1.8 మిల్లీమీటర్లు. పొగలోంచి ఎర్రగా, గుండ్రంగా, అంచు తెలిసేలా వచ్చే సూర్యుణ్ణి చుక్కగా తీయడం నాకైతే మనసొప్పదు.

టెలీ కొండల్ని దగ్గరికి లాగుతుందని అంటుంటారు. నిజానికి ఆ పని దూరానిది. అక్కడే నిలబడి వైడ్‌తో తీసి మధ్య భాగం కత్తిరించినా కొండలు అలాగే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. చిక్కల్లా పిక్సెళ్లతోనే. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను 24 ఎం.ఎం. నుంచి 200 దాకా కత్తిరిస్తే మిగిలేది మూడున్నర లక్షల పిక్సెళ్లు. ఫోన్ తెరకే సరిగా చాలవు.

టెలీకి ఇబ్బందులు లేవని కాదు. కాస్త గాలి వీచినా, చేత్తో బటన్ నొక్కినా ట్రైపాడ్ వణుకుతుంది, రెండు సెకన్ల టైమర్ పెట్టక తప్పదు. పొగలో కాంట్రాస్ట్ ఉండదు కాబట్టి ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అప్పుడు తెర మీద జూమ్ చేసి, ముందు వరస కొండ అంచున చెట్ల తలలు రంపపు పళ్లలా విడివిడిగా కనిపించేదాకా రింగ్ తిప్పి అక్కడే వదిలేయండి. 200 ఎం.ఎం., ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర సుమారు 170 మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే అక్కడి నుంచి అనంతం దాకా షార్ప్‌గానే ఉంటుంది. కాబట్టి ఎఫ్/16కి పోనక్కర్లేదు. పోతే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో వెలుతురు వంగి చెదరడం వల్ల, పదును తగ్గడమే కాదు, సెన్సర్ మీది దుమ్ము నున్నటి నారింజ ఆకాశంలో మచ్చలు మచ్చలుగా తేలుతుంది.

వైడ్ ఎప్పుడు మేలు? పొగ కింద లోయలకే పరిమితమై, పైన మబ్బులకు కింది నుంచి రంగు పట్టిన రోజున నిస్సందేహంగా వైడే. పొగ మరీ చిక్కబడి రెండో కొండే కనిపించని రోజున కూడా టెలీకి పనిలేదు, అప్పుడు దగ్గరి చెట్టో బండో నీడగా పెట్టి వైడ్‌తో తీయడమే దారి. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండే రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ఆకాశం ఏ గీతా లేని లేత నారింజ పరదాలా ఉంటుంది, వైడ్ పెడితే సగం ఫోటో దానికే పోతుంది.

సూర్యుడికి ఎదురుగా తీయాలా, పక్కకు తిరిగి తీయాలా అన్నది నా లెక్కలో లెన్స్ కంటే పెద్ద ప్రశ్న. జవాబు మాత్రం చిన్నది: ఎదురుగానే. పొగ కణాలు చాలావరకు కాంతి తరంగాల పరిమాణానికి దగ్గర్లో ఉండి, వెలుతురును ఎక్కువగా అది వెళ్లే దిశలోనే ముందుకు చెదరగొడతాయి. అందుకే సూర్యుడి వైపు చూస్తే లోయలు వెలుగుతాయి, వీపు తిప్పితే అదే పొగ మురికిగా, చప్పగా కనిపిస్తుంది. సూర్యుణ్ణి ఫ్రేమ్‌కి కొంచెం పక్కన, కొండ వెనక ఉంచితే వరసలు ఇంకా బాగా విడతాయి. పోలరైజర్ ఫిల్టర్ ఇక్కడ దండగ, అది బాగా పనిచేసేది సూర్యుడికి 90 డిగ్రీల పక్కన. పొగమంచు తెల్లగా ఉండి పొగ ఎర్రగా ఉండటానికీ కణాల సైజే కారణం. మంచు బిందువులు పెద్దవి, అన్ని రంగుల్నీ సమంగా చెదరగొడతాయి. పొగ నీలాన్ని ఎక్కువగా చెదరగొట్టి ఎరుపును మిగులుస్తుంది. అరుదుగా ఇది తిరగబడుతుంది కూడా. 1950 సెప్టెంబరులో పశ్చిమ కెనడా అడవుల మంటల పొగ అట్లాంటిక్ దాటి బ్రిటన్ చేరినప్పుడు అక్కడ సూర్యుడు నీలంగా కనిపించాడు. కణాలు దాదాపు ఒకే సైజులో ఉండటం వల్ల జరిగిన వింత అది.

ఎక్స్‌పోజర్లో ఒక్క షాటా, వేర్వేరు వెలుతురు స్థాయిల్లో తీసిన మూడు నాలుగు కలిపే బ్రాకెటింగా? మామూలు సూర్యోదయానికి బ్రాకెటింగ్ మంచిదే. పొగ తనే ఫిల్టర్‌లా పనిచేసి సూర్యుణ్ణి మందగింపజేస్తే ఒక్క రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైల్) చాలు. కలిపి కుట్టిన ఫోటోలో నల్లగా ఉండాల్సిన ముందు కొండ బూడిదగా లేచి దొంతర అందమే పోతుంది. ఒక్క జాగ్రత్త: తెలుపు హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) బాగానే ఉందని నమ్మకండి, ఎరుపు ఛానెల్ విడిగా చూడండి. అది కుడి గోడకు గుద్దుకుంటే సూర్యుడి చుట్టూ రంగు చప్పటి మరకలా మారుతుంది, తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో పెట్టండి, ఆటో అయితే ఆ నారింజనే తప్పు అనుకుని కడిగేస్తుంది. జేపెగ్‌లో రంగుకు 256 మెట్లే కాబట్టి నున్నటి ఆకాశాన్ని ఎడిటింగ్‌లో కాస్త లాగితే చాలు, చారలు కనిపిస్తాయి. ఎడిటింగ్‌లో మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ జోలికైతే అసలు పోవద్దు, మనం తీసిందే ఆ మసకని.

ఫోన్‌తో తీసేవాళ్లకు కూడా తీర్పు మారదు. డిజిటల్ జూమ్ కాకుండా నిజమైన టెలీ కెమెరా ఉంటే దాన్నే వాడండి.

పొగ చిక్కగా ఉంది కదా అని టెలీ తగిలించిన ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు. ఎర్రగా, మసకగా కనిపించినా కంటికి హాని తప్పదు, కెమెరా తెర మీద చూసే లైవ్ వ్యూ వాడండి. అడవి మంటల పొగైతే అందులో పీఎం 2.5 అనే అతి సన్నని కణాలుంటాయి, ఎన్95 మాస్క్ పెట్టుకోండి, మూసేసిన దారుల్లోకి పోకండి.

టెలీ కొనాలనుకునేవాళ్లకు చివరి పోలిక: ఎఫ్/2.8 దా, ఎఫ్/4 దా? ఈ ఒక్క పనికైతే ఎఫ్/4. ఎలాగూ ఎఫ్/8 దగ్గర, ట్రైపాడ్ మీద తీస్తాం. చీకట్లో కొండెక్కేటప్పుడు ఆ బరువు తగ్గడం బాగా తెలుస్తుంది.