ఆక్టోపస్సీ డీవీడీ: బాండ్ కోసం కాదు, మన మద్రాసు విజయ్ కోసం

టి.నగర్‌లో ఒక పాత సీడీల కొట్లో 300కి దొరికింది. డబ్బా మూల పగిలింది, డిస్కు పట్టుకునే పళ్ళు ఊడిపోయాయి, మూత తీయగానే డిస్కు ఒళ్ళో పడుతుంది. పది రూపాయలు తగ్గించమంటే కొట్టాయన కనీసం తలెత్తలేదు. బొమ్మ మాత్రం ఎక్కడా ఆగకుండా ఆడింది.

1983 నాటి జేమ్స్ బాండ్ సినిమా. బాండ్‌గా వేసిన రోజర్ మూర్ గురించి చెప్పేదేం లేదు, మామూలే. అసలు మజా అంతా ఉదయపూర్‌లో ఆయనకి సాయం చేసే ఏజెంటుది. ఆ వేషం వేసింది మన చెన్నై టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్, పాత్ర పేరు కూడా విజయే. పాములవాడిలా కూర్చుని నాగస్వరం మీద బాండ్ ట్యూన్ ఊదుతాడు, తీరా చూస్తే బాబుకి పాములంటే పడదు! ఆటో ఛేజ్‌లో వెంటపడ్డవాళ్ళని టెన్నిస్ రాకెట్‌తో బాదుతుంటే చుట్టూ ఉన్న జనం తలలు మ్యాచ్ చూస్తున్నట్టు అటూ ఇటూ తిరుగుతాయి చూడండి, ఆ ముక్క నేను రిమోట్ వెనక్కి నొక్కి మరీ చూశాను.

స్పై సినిమాల్లో కామెడీ అంటే నాకు ఇలాగే ఉండాలి, నవ్వించేవాడికి పని కూడా వచ్చి ఉండాలి. 1973లో వచ్చిన లివ్ అండ్ లెట్ డై అనే బాండ్ సినిమాలో షెరిఫ్ పెప్పర్ అని ఒకాయన ఉంటాడు, ఊరికే అరుస్తాడు, పొగాకు నములుతాడు, ఆయన్నే మరుసటి ఏడాది బాండ్ సినిమాలో బ్యాంకాక్‌లో టూరిస్టుగా మళ్ళీ దింపారు. ఎందుకో ఆ నిర్మాతలకే తెలియాలి.

ఇంత బాగా రాసుకున్న విజయ్‌ని సగంలోనే చంపేశారు, అదే నా కోపం. ఆ తర్వాత జర్మనీ, సర్కస్, బాంబు... టెన్షన్ ఉంది కానీ సరదా పోయింది. చివర్లో బాండ్‌కి పరికరాలు తయారుచేసిచ్చే క్యూ, ఆ వేషం డెస్మండ్ లెవెలిన్‌ది, ఎప్పుడూ ఆ పరికరాల దగ్గర విసుక్కుంటూ ఉండే పెద్దాయన, బెలూన్‌లో దిగి అమ్మాయిల చేత ముద్దులు పెట్టించుకుంటాడు, అప్పుడు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది.

ఇంకోటి, నిప్పుల మీద నడిచేవాడు, మేకుల మంచం, కత్తి మింగేవాడు అందరూ ఒకే వీధిలో ఉంటారు, మనమంటే ఆ సినిమా తీసినవాళ్ళకి అంతే మరి. కూర మీద జోకొకటి, ఒళ్ళు మండింది.

ఐదుకి మూడు. విజయ్ బతికుంటే నాలుగు ఇచ్చేవాణ్ణి. పాతది కొనేట్టయితే కొట్లోనే ఒకసారి పెట్టి చూపించమనండి.