రెడీమిక్స్ మట్టి కొంటున్నారా? ఈ ముసురులో జాగ్రత్త

కుండీల కోసం ఆన్‌లైన్‌లో పాటింగ్ మిక్స్ తెప్పించుకునే ఆలోచనలో ఉంటే కాస్త ఆగండి. నేను కొన్న సంచి మీద "నీరు నిలవదు, ఏ కాలానికైనా సరే" అని పెద్దక్షరాలతో ఉంది. విప్పి చూస్తే దాదాపు అంతా కోకోపీటే (కొబ్బరి పీచు పొట్టు), అందులో సరిగా మాగని ఎరువు కలిపారు. నీరు నిలవకుండా కలిపే తేలికైన తెల్ల పలుకులు, అదే పెర్లైట్, ఉందని రాశారు గానీ, పిడికెడు తీసి అరచేతిలో పరిస్తే అవి అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయంతే.

ఎండాకాలమైతే ఇది ఎలాగో నెట్టుకొచ్చేది. చలి పెద్దగా లేకుండా వానలు పడుతున్న ఈ చలికాలంలో కుదరదు. కోకోపీట్ తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుంది. ఎండ లేదు, గాలిలో తేమ, మొక్క తాగేదీ తక్కువే. ఇక కుండీ ఆరేదెప్పుడు? వేర్లకు గాలి అందదు, కుళ్లు తెగుళ్లకు అదే అదను. ఈ మిక్స్‌లో పోసిన నారు మొదలు దగ్గర నల్లబడి, నూలుపోగులా సన్నబడి పక్కకు వాలిపోయింది. గులాబీ కుండీ బోర్లిస్తే తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమరంగులో మెత్తబడి ఉన్నాయి. వేలితో లాగితే పైపొర ఊడొచ్చి లోపలి పోగు మాత్రం మిగిలింది. పక్కనే పాత మట్టిలో వేసిన అవే విత్తనాలు అదే వానలో చక్కగా లేచాయి.

ఫోటోలు పంపితే అమ్మినవాళ్లు "మీరే నీళ్లు ఎక్కువ పోశారు" అన్నారు. వానలు మొదలయ్యాక చెంబుడు నీళ్లు కూడా పోయలేదు. సంచి విప్పేశారు కాబట్టి వాపసు లేదట! విప్పకుండా లోపలేముందో ఎలా తెలుస్తుంది?

కొనక తప్పదంటే ముందు చిన్న ప్యాకెట్టే తెప్పించండి. విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. పిడికెడు బాగా తడిపి పిండి వదలండి. స్పాంజిలా నీళ్లు కారుతూ, వేలితో కదిపినా ముద్ద విడిపోకపోతే ఈ కాలానికి పనికిరాదు. ముక్కు అదిరేలా అమోనియా వాసన వస్తే ఎరువు మాగలేదన్నమాట. కోకోపీట్ కడిగినదేనా అని తప్పకుండా అడగండి. సరిగా కడగని దాంట్లో ఉప్పు ఎక్కువుంటే ఆకుల అంచులు మాడతాయి.

ఇప్పటికే కొనేశారా? వాసన లేకపోతే మూడో వంతు ముతక ఇసుకో పెర్లైటో కలిపి వాడుకోవచ్చు. కుండీ కింద పళ్లెం తీసేసి ఇటుకల మీద పెట్టండి. ఆకులు పసుపెక్కాయని కంగారుపడి నీళ్లు పోయకండి, ముందు వేలు లోపలికి గుచ్చి తడి చూడండి. నారు పోయడానికి మాత్రం ఆ మిక్స్ అసలు వద్దు.